చీకటిలో కన్ను చూచు విధము
వెలుతురునుండి చీకటిగదిలోనికి పోయినపుడు మనకు తొలుత ఏమియు కానరాదు. క్రమముగా వస్తువులను పోల్చుకొందుము. కారణమేమి? ఒక్కొక్క కంటి వెనుకపొరలో మసకవెలుతురును గ్రహించు కణములు దాదాపు 12 కోట్లు గలవు. వెలుతురులో వానియందలి రంగు వెలిసిపోవును. చీకటిలో తిరిగి నిండుటకు సుమారు అరగంట పట్టును. అందులకు ‘ఎ’ విటమిను అవసరము. అది చాలని బిడ్డకు సందెచీకటిలో చూపు ఆనదు. ఇదియే రేచీకటి. ఉపేక్షించినచో నల్లగ్రుడ్డుపై పొర చెడి, చూపు శాశ్వతముగా పోవచ్చును.

జహీరాబాదు ప్రాంతపు జొన్న, కంది చేలలో విత్తకయే మొలచు దొగ్గలికూర, గంగవాయిలికూర ఈ విటమినునకు ఆధారములు. మందు చల్లని చేలలో వీనిని కలుపని పారవేయక, కొలది నూనెతో వండి పిల్లలకు పెట్టవలెను. సందెవేళ తడబడు బిడ్డను వెంటనే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపింపవలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.