గోల్ఫ్ బ్యాక్‌స్వింగ్: క్లబ్ వెనక్కి వెళ్లే ఆ ముప్పావు సెకను

గుణదల నుంచి ఇంకో ఎపిసోడ్. ఇవాళ గోల్ఫ్. "అన్నా, గుణదలలో గోల్ఫ్ ఎవడాడతాడు?" అని అడుగుతారని తెలుసు. నిజమే, ఇక్కడ కోర్సు లేదు. ఆడాలంటే వైజాగ్ ఈస్ట్ పాయింట్‌కో, హైదరాబాద్‌లో గోల్కొండ కోట దగ్గరికో వెళ్లాలి. కానీ మనోళ్లు డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఎంతమంది ఉన్నారు! శనివారం మేనేజర్ డ్రైవింగ్ రేంజ్‌కి రమ్మంటాడు. వెళ్తారు, బలంగా ఊపుతారు, బంతి కుడివైపుకి వంపు తిరిగి కంచె దాటి పోతుంది. మర్నాడే కొత్త డ్రైవర్ కోసం ఆన్‌లైన్‌లో వెతకడం మొదలు. ఆ డబ్బులు అలాగే ఉంచుకోండి, ముందు ఇది వినండి.

నేను కోడ్ రాసే ఉద్యోగం చేసినోణ్ణి కాబట్టి ఆ భాషలోనే చెప్తా. ఎర్రర్ 200వ లైన్‌లో కనిపిస్తుంది, తప్పు 10వ లైన్‌లో ఉంటుంది. గోల్ఫ్‌లో బంతి వంకర పోవడం 200వ లైన్. క్లబ్ బంతి దగ్గర నుంచి కదిలిన మొదటి అడుగున్నర దూరం 10వ లైన్. దీన్నే టేక్‌అవే అంటారు. బ్యాక్‌స్వింగ్‌లో మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

మనకి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, దాని పేరు క్రికెట్. చిన్నప్పట్నుంచి బ్యాటు ఎలా ఎత్తాం? మణికట్టు విరిచి, చేతులతో పైకి. బంతి మీదకొస్తోంది, టైం లేదు, అంతకంటే ఏం చేస్తాం. గోల్ఫ్‌లో బంతి కదలదు. మీరు టీ తాగొచ్చి కొట్టినా అక్కడే ఉంటుంది. పైగా బ్యాటు కిలో పైన తూగుతుంది, డ్రైవర్ మూడొందల గ్రాములే. అంత తేలిక వస్తువుని చేతులతో లటుక్కున ఎత్తేయడం సులువు. అక్కడే చెడిపోతుంది. చేతులు క్లబ్‌ని ఒంటి వెనక్కి లాగేస్తాయి. కిందికి వచ్చేటప్పుడు దారి దొరక్క భుజం ముందుకు తోస్తుంది, క్లబ్ బంతిని బయట నుంచి లోపలికి కోస్తుంది. బంతి కుడివైపు తిరిగేది అందుకే. (నేను చెప్పేదంతా కుడిచేతి వాటం వాళ్లకి. ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోండి.)

మరి ఎలా? ఛాతీ, చేతులు, క్లబ్ మూడూ ఒకేసారి కదలాలి. క్లబ్ తల నేలకి దగ్గరగా, తొందర లేకుండా వెనక్కి జరగాలి. క్లబ్ కర్ర నేలకి సమాంతరంగా వచ్చినప్పుడు ఆపి చూసుకోండి. క్లబ్ తల మీ చేతులకి ఎదురుగా కనపడాలి. వీపు వెనక దాక్కుంటే చేతులతో లాగేసినట్టే.

ఆ తర్వాత తిరగడం. ఊగడం కాదు, తిరగడం. భుజాలు సుమారు 90 డిగ్రీలు, నడుం అందులో సగం. డాబా మీద బంతి లేకుండా చేసుకోవచ్చు. గోడకి పిరుదులు ఆనించి కొంచెం వంగి నిలబడండి, చేతులు ఛాతీ మీద కట్టుకుని కుడివైపుకి తిరగండి. కుడి పిరుదు గోడని వదలకూడదు, ఎడమది వదలాలి. రెండూ ఆనించే ఉంటే మీరు తిరగట్లేదు. మొత్తం ఒళ్లు పక్కకి జరిగిపోతుంటే అది ఊగడం. రోజూ పదిసార్లు చాలు.

రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లకి నడుం పట్టేసి ఉంటుంది. అలాంటప్పుడు బలవంతంగా మెలితిప్పితే వీపు కింది భాగం నొప్పెడుతుంది. ఎడమ మడమ కొంచెం లేవనివ్వండి. జాక్ నిక్లస్ అంతటోడు మడమ లేపే ఆడాడు. క్లబ్ పైన నేలకి సమాంతరం దాకా వెళ్లాలన్న రూలేం లేదు. జాన్ రామ్‌ని చూడండి, పుట్టుకతోనే కుడి పాదంలో లోపం, ఆ చీలమండ సరిగా కదలదు. అందుకే బ్యాక్‌స్వింగ్ పొట్టిగా ఉంటుంది. దాంతోనే 2021 యూఎస్ ఓపెన్, 2023 మాస్టర్స్ గెలిచాడు. యూట్యూబ్‌లో ఎవరిదో స్వింగ్ చూసి కాపీ కొట్టడం నాకు నచ్చదు. మీ ఒళ్లు ఎంత తిరిగితే అంతే మీ బ్యాక్‌స్వింగ్.

టెంపో చూడ్డానికి ఫోన్ ఉంది కదా. జాన్ నొవొసెల్ అనే ఆయన ప్రొఫెషనల్స్ వీడియోలని ఫ్రేములవారీగా లెక్కపెట్టి ఒక సంగతి పట్టుకున్నాడు: క్లబ్ వెనక్కి వెళ్లడానికి పట్టే టైం, కిందికొచ్చి బంతిని తాకే టైంకి దాదాపు మూడింతలు. ఫోన్ స్లో మోషన్‌లో 240 ఫ్రేముల మీద పెట్టి, నడుం ఎత్తులో, బంతికి ఎదురుగా నిలబెట్టండి. క్లబ్ కదిలిన ఫ్రేము నుంచి పై దాకా లెక్కపెట్టండి, అక్కణ్నుంచి బంతి దాకా లెక్కపెట్టండి. 190, 64 లాగా వస్తే బాగుంది. వెనక్కి 300 వస్తే మరీ నానుస్తున్నారు. 120 వస్తే లాగేస్తున్నారు.

ఇంకొకటి, ఇది బంకర్ గురించి. అంటే ఇసుక గుంట. నేలకి దగ్గరగా జరపండి అన్నాను కదా, ఇసుకలో అది పనికిరాదు. రూల్ 12.2 ప్రకారం బ్యాక్‌స్వింగ్‌లో క్లబ్ ఇసుకని తాకితే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకుల పెనాల్టీ. దీనికి ఉదాహరణ మన తెలుగోడే. సాహిత్ తీగల, 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు, అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 2024లో అట్లాంటా ఈస్ట్ లేక్‌లో టూర్ ఛాంపియన్‌షిప్, మూడో రౌండు, మూడో హోల్. బంకర్‌లోంచి కొట్టాడు. బ్యాక్‌స్వింగ్‌లో క్లబ్ ఇసుకని కొద్దిగా రాసుకుందని అతనికే అనిపించింది. తనే అధికారిని పిలిచి చెప్పాడు. వీడియోలో చూసినా స్పష్టంగా తేలలేదు. అయినా పెనాల్టీ వేయించుకున్నాడు.

టోర్నీ అయ్యాక స్కోర్లు చూడండి. కొలిన్ మొరికావా మైనస్ 26తో రెండు, సాహిత్ మైనస్ 24తో మూడు. తేడా సరిగ్గా రెండు స్ట్రోకులు. మూడో స్థానానికి 75 లక్షల డాలర్లు. ఆ రెండూ లేకపోతే ఇద్దరూ రెండో స్థానం పంచుకుని చెరో కోటి డాలర్లు తీసుకునేవాళ్లు. అంటే 25 లక్షల డాలర్లు, మన లెక్కలో 20 కోట్ల పైనే, నాలుగు ఇసుక రేణువుల దగ్గర పోయాయి. ఎవరూ అడగకుండానే చెప్పాడంటే... నాకు ఆ ట్రోఫీ కంటే ఇదే ఎక్కువ గుర్తు.

సరే, బంకర్‌లో మీరేం చేయాలి? క్లబ్‌ని ఇసుక మీద ఆనించకండి, అంగుళం పైన గాల్లో ఉంచండి. కదలగానే మణికట్టుని కొంచెం త్వరగా మడిచి క్లబ్ తలని పైకి లేపండి. మామూలు గడ్డి మీద వద్దన్న క్రికెట్ అలవాటు ఇక్కడ కాస్త పనికొస్తుందన్నమాట.

డాబా మీద చేసేవాళ్లు చీపురు కర్రతో చేయండి, నిజం క్లబ్‌తో వద్దు. పక్కింటి వాటర్ ట్యాంకు ఉంటుంది. వచ్చే ఎపిసోడ్ డౌన్‌స్వింగ్.