పాతిక మంది రౌతులు

బొమ్మల కొలువు పెట్టే ఇంట బొమ్మలకు కొదవ ఉండదు. దేవుళ్ళు, పెండ్లివారు, అంబారీ ఏనుగు, శెట్టిగారి దంపతులు అందరూ మా ఇంట ఉన్నారు. అయినా మా అన్నగారి అబ్బాయి కిందటేడు వచ్చి, "బాబాయ్, నాకొక కిప్చాకుల దండు సమకూర్చిపెట్టాలి" అన్నప్పుడు మేము తెల్లమొగం వేసిన మాట నిజం.

బల్లమీద కొండలూ ఏరులూ అమర్చి, బొమ్మలను సైన్యాలుగా తీర్చి, కొలబద్దతో దూరాలు కొలిచి, పాచికలు వేస్తూ పూర్వపు యుద్ధాలను మళ్ళీ నడిపే వినోదం పడమటి దేశాలలో చాలాకాలంగా ఉన్నదే. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913లోనే ఇటువంటి ఆటకు నియమాలు వ్రాసి పుస్తకం వేశాడు. మావాడు ఆడేది 1990లో ఇంగ్లండులో వెలువడిన 'డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్' పద్ధతి. అందులో సైన్యమంటే పన్నెండు బిళ్ళలు. తేలికపాటి గుర్రపుదళమైతే బిళ్ళకు ఇద్దరు రౌతులు. నాయకుని బిళ్ళమీద ముగ్గురిని నిలిపితే వెరసి పాతికమంది. పాతిక బొమ్మలు కొనడమూ ఒక పనేనా అనుకున్నాము.

పనే అయినది. మావాడు ఎంచుకున్నది 1223లో అజోవ్ సముద్రానికి ఉత్తరాన కల్క నదివద్ద జరిగిన యుద్ధం. ఒకవైపు జెబె, సుబుతాయి అనే మంగోలు సేనానులు. రెండోవైపు రష్యను రాజులు, వారికి తోడుగా కోతెన్ ఖాను వెంట వచ్చిన కిప్చాకులు. హంగరీవారు వీరినే కుమాన్లు అన్నారు. కోతెన్ అల్లుడు రష్యను రాజులలో ఒకడు. ఆ చుట్టరికమే వారిని యుద్ధానికి దింపినది. చిక్కెక్కడ వచ్చినదంటే, ఇరుపక్షాలా గుర్రమెక్కి విల్లు పట్టినవారే. ఒకే రకం బొమ్మలు రెండువైపులా నిలిపితే ఎవరు ఎవరిని కొడుతున్నారో కొట్టేవాడికే తెలియదు!

మంగోలులకేమీ కరువులేదు. ఇటలీలో ఇటాలెరీవారు, రష్యాలో జ్వెజ్దావారు డెబ్బై రెండో వంతు కొలతలో, అనగా మనిషి అంగుళానికి కాస్త తక్కువగా, పెట్టెలకు పెట్టెలు పోశారు. అడిగినచోటల్లా "మంగోలులను తీసుకోండి, అందరూ ఒకటే గదా" అనే జవాబే. చివరకు ఒక అంగడివారు కిప్చాకులనే పేరుతో పన్నెండుమందిని పంపారు. మేము సంబరపడుతూ విప్పాము. మావాడు భూతద్దం పెట్టి చూచి, "వీళ్ళూ మంగోలులే బాబాయ్" అని పెదవి విరిచాడు.

ఎలా తెలిసిందిరా అంటే అంగీ చూపించాడు. 1253లో ఫ్రాన్సు రాజు తరఫున మంగోలు దేశానికి బయలుదేరిన విలియం రుబ్రుక్ అనే సన్న్యాసి, తురుష్కుల అంగీలు ఎడమవైపున విడివడి ఉంటవి, తాతారులవి ఎప్పుడూ కుడివైపున అని వ్రాసిపెట్టాడు. కిప్చాకులు తురుష్క జాతివారు, రుబ్రుక్ తాతారులన్నది మంగోలులను. అంగుళం మనిషి అంగీ ఎటు మూసుకున్నదో ఎవరు చూస్తారని మేమన్నాము. "నేను చూస్తాను గదా!" అన్నాడు వాడు. దానికి మావద్ద జవాబు లేకపోయినది.

ఇక తయారుచేసుకోవడమే మార్గమైనది. నమూనా ఎక్కడ? చచ్చినవారిమీద కిప్చాకులు పెద్ద దిబ్బ పోసి, తూర్పుముఖంగా, బొడ్డువద్ద గిన్నె పట్టుకున్న రాతిబొమ్మను నిలుపుతారని ఆ రుబ్రుకే చెప్పాడు. అటువంటి రాళ్ళు ఉక్రెయినులోని ద్నీప్రో చరిత్ర ప్రదర్శనశాలలో చాలా ఉన్నవి. వాటి ఛాయాచిత్రాలు ముందుంచుకున్నాము. మగవారికి వీపున జడలు, ఛాతీమీద పట్టీలతో బిగించిన గుండ్రని పలకలు, నడుమున కత్తి, అమ్ములపొది. రాతిలో మలచినవాడు గుడ్డ అంచు సైతం వదలలేదు.

సన్నని ఆకురాయితో కుడి అంచు అరగదీసి, రెండు ముద్దలు కలిపితే గట్టిపడే పుట్టీతో ఎడమ అంచు దిద్దాము. జడకు పుట్టీని దారంలా పేని అతికించాము. మొదటి ముగ్గురికి జడలు తోకల్లా వచ్చినవి. నాలుగోవాడు కొంత నయం. ఒక హెచ్చరిక: ఈ మెత్తని ప్లాస్టిక్‌ను ముందు సబ్బునీళ్ళతో కడగనిదే రంగు నిలవదు. మేము కడగక రెండు గుర్రాలు పాడుచేశాము.

సాయంత్రాలు ఈ పనిలో ఉండగా కిప్చాకుల తరువాతి కథ చదివాము. 1239లో కోతెన్ తనవారితో హంగరీలో శరణుజొచ్చాడు. 1241లో మంగోలులు ఆ దేశంమీద పడగానే, వీరూ వారి మనుషులేనని అనుమానించి పెస్టు నగరంలో అతనిని చంపారు. అతనికీ అంగీ తేడా చూచేవారు దొరకలేదన్నమాట. అతనివారు దక్షిణానికి పోయారు. రాజే మళ్ళీ పిలిపించుకున్నాడు. భూములిచ్చారు, స్థిరపడ్డారు, మతం మారారు, హంగేరియను మాట్లాడారు. కుమాను భాష తెలిసిన కడపటివాడుగా వార్రో ఇష్ట్వాన్‌ను చెబుతారు. కర్త్సాగ్ ఊరివాడు, 1770లో పోయాడు. ఇది చదివిన పూట మేము పుస్తకం మూసి కాసేపు ఊరక కూర్చున్నాము.

పాతికమందీ పూర్తికావడానికి ఎనిమిది నెలలు పట్టినది. మొన్న ఆదివారం కల్క యుద్ధం ఆడారు. 1223లో వలెనే కిప్చాకులే ముందు వెనుదిరిగి రష్యనుల వరుసలను చెదరగొట్టారు. మావాడు ఏమాత్రం చిన్నబోలేదు. 1278లో మార్ష్‌ఫెల్డువద్ద హంగరీ రాజువైపున ఈ కుమాను రౌతులే బొహీమియా రాజు ఒటకార్‌మీద పోరి గెలిచారట. వచ్చే నెల అది ఆడతాడట. బొహీమియా వీరుల బొమ్మలు కావాలన్నాడు. అవి ఏ అంగడిలోనైనా దొరుకుతవని ధైర్యం కూడ చెప్పాడు.