ఓటీపీకి తడబాటు... నోటి లెక్కకి లేదు పోటీ!

పావుకిలో పచ్చిమిర్చి, రెండు ములక్కాడలు, మూడు కొత్తిమీర కట్టలు. మనం ఫోన్‌లో కాల్‌క్యులేటర్ తెరిచేలోపే మొత్తం ఎంతో చెప్పేసే కూరగాయల మామ్మ మీ వీధిలోనూ ఉండే ఉంటుంది. మా వీధి మామ్మకి 70 దాటాయి. అదే మామ్మకి ఆరంకెల ఓటీపీ వస్తే, మెసేజ్ మూసి రెండో పేజీకి వెళ్లేలోగా సగం అంకెలు ఎగిరిపోతాయి. "ఇటివ్వు, నీకు బుర్ర పనిచెయ్యట్లేదు" అంటూ మనవడు ఫోన్ లాక్కుంటాడు.

రెండూ ఆ బుర్ర పనులే కదా! ఒకటి నిలిచి ఇంకోటి ఎందుకు జారిపోతోంది?

మనస్తత్వ శాస్త్రవేత్త రేమండ్ క్యాటెల్ తెలివిని రెండు రకాలుగా విడదీశాడు. కొత్త చిక్కుని అప్పటికప్పుడు విప్పే చురుకుదనం ఒకటి. చదువుతో, అనుభవంతో పోగైన సరుకు రెండోది. మొదటిది వయసుతో పాటు తగ్గుతుంది, రెండోది చాలా ఏళ్లు నిలుస్తుంది. అంకెల్ని మనసులో పట్టుకుని మరో పని చెయ్యడం మొదటి ఖాతాలోది. చిన్నప్పుడు బట్టీపట్టిన ఎక్కాలు, 40 ఏళ్లు తూచి అమ్మిన బేరం రెండో ఖాతాలోవి.

2015లో అమెరికా పరిశోధకులు హార్ట్‌షోర్న్, జెర్మైన్ దాదాపు 50 వేల మంది ఫలితాలు చూస్తే, బుర్ర వేగం 18, 19 ఏళ్లకే పైమెట్టు ఎక్కేసిందని తేలింది. పదసంపద మాత్రం 60లు దాటాక కూడా తగ్గలేదు. అంటే ఇది చదువుతున్న మీలో చాలామందికి వేగం ఇప్పటికే దిగుతోందన్నమాట. నాకైతే ఎప్పుడో మొదలైంది లెండి!

శకుంతలా దేవి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1980 జూన్ 18న లండన్ ఇంపీరియల్ కాలేజీలో 13 అంకెల సంఖ్యని మరో 13 అంకెల సంఖ్యతో హెచ్చవేసి, 28 సెకన్లలో జవాబు చెప్పారు. అప్పటికి ఆవిడకి 50 ఏళ్లు. 1988లో ఆర్థర్ జెన్సన్ అనే ప్రొఫెసర్ ఆవిడని పరీక్షిస్తే, లైటు వెలగ్గానే బటన్ నొక్కడం లాంటి మామూలు పనుల్లో ఆవిడ వేగం అందరిలాగే ఉంది. పదునంతా అంకెలతో చిన్ననాటి నుంచీ చేసిన సావాసంలోనే ఉందన్నమాట.

అలాగని వయసుతో ఏమీ పోదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. నెమ్మదించడం వేరు, తప్పిపోవడం వేరు. ఏళ్ల తరబడి ఇంటి పద్దు రాసిన మనిషి ఒకే కరెంటు బిల్లు రెండుసార్లు కడుతున్నా, చిల్లర లెక్క తేల్చుకోలేకపోతున్నా, పాస్‌బుక్ చూసి అయోమయపడుతున్నా డాక్టరుకి చూపించాల్సిందే. డిమెన్షియా మొదట బయటపడే చోట్లలో డబ్బు లెక్క ఒకటి. ప్రతిసారీ అదే కానక్కర్లేదు. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, వాడుతున్న మందులు కూడా ఇలా చేస్తాయి. వాటిలో చాలావరకు సరిచేసుకోగలిగినవే.

ఇక సైబర్ దొంగల సంగతి. "పది నిమిషాల్లో కరెంటు కట్ చేస్తాం, వెంటనే కట్టండి" అని ఫోన్ చేసేవాడు పెద్దవాళ్ల తెలివిని కాదు, వేగాన్ని దెబ్బకొడతాడు. తొందరపెడితే తడబడతారని వాడికి బాగా తెలుసు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఫోన్ లాక్కోకుండా పక్కన కూర్చుని, ఆ ఆరంకెలూ కాగితం మీద రాసుకోనిస్తే సగం తంటా అక్కడే తీరిపోతుంది.

మా నాన్నకి ఇప్పుడు 68. పాల యాప్ నేనే పెట్టాను, కానీ ఆయన గోడ కేలండర్ వదల్లేదు. పోయిన నెల బిల్లు రాగానే, "డెబ్బై రూపాయలు ఎక్కువేశారు, రెండు రోజులు పాలే రాలేదు" అన్నారు. కేలండర్‌లో ఆ రెండు తేదీల మీదా సున్నాలు చుట్టి ఉన్నాయి. ఫిర్యాదు పెట్టాను, డెబ్బై వెనక్కొచ్చాయి.