బురద ఎప్పుడు నేల అవుతుంది?

శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది. ఇప్పుడు లెక్కలో ఉన్నవి 215 చిల్లర. తగ్గిన చోటంతా పూడికే. ఇటు కరీంనగర్ చుట్టుపక్కల చూస్తే గ్రానైట్ తవ్వి వదిలేసిన క్వారీ గుంతలు. ‘ఆ పూడిక తెచ్చి ఈ గుంతల్లో పోస్తే రెండు పీడలూ వదలవా?’ అని ఒక పాఠకుడు రాశారు. పోయడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పోశాక ఆ బురద లోపల ఏం జరుగుతుందన్నదే అసలు కథ. అది చెప్పకుండా ఈ ప్రశ్నను వదలబుద్ధి కావడం లేదు.

పోసినవాళ్లు ఉన్నారు. న్యూయార్క్ రేవులో తోడిన బురదను పెన్సిల్వేనియాకు తరలించి, బార్క్ క్యాంప్ అనే పాడుబడ్డ బొగ్గు గని దగ్గర బూడిదతో కలిపి తవ్వకంలో మిగిలిన నిలువు గోడల్ని కప్పేశారు. అక్కడ కావలసింది గట్టిపడే పూరకం. ఇల్లినాయ్ నది మీద ఇంకా గొప్ప పని జరిగింది. ఆ నది వెడల్పయ్యే చోట పియోరియా సరస్సు ఉంది. పైనున్న పొలాల మన్ను కొట్టుకొచ్చి దాన్లో మేట వేసేసింది. 2004లో జాన్ మార్లిన్ అనే పరిశోధకుడి బృందం ఆ మన్నును లక్ష టన్నులకు పైగా బార్జీల్లో సుమారు 260 కిలోమీటర్లు తరలించి, షికాగోలో 1992లో మూతపడ్డ ఉక్కు కర్మాగారం స్థలంలో పరిచింది. కింద ఉన్నదంతా ఇనుప చిట్టెం, గడ్డి కూడా సరిగా మొలవని చోటు. దాని మీద పరిచిన సరస్సు బురద పచ్చిక మోసే నేల అయింది.

ఎలా అయింది?

నీటి అడుగున బంకమన్ను రేకులు కంటికి కనబడనంత సన్నంగా ఉంటాయి. ఒకదాని అంచు ఇంకొకదాని ముఖానికి ఆని, పేకమేడలా నిలబడతాయి. గదుల నిండా నీరే. చాలాసార్లు మట్టి బరువు కన్నా నీటి బరువే ఎక్కువ. గాలి చొరబడదు, వేరు దిగదు. ఈ బురదను ఒడ్డున పరిస్తే నీరు ఆవిరవుతూ రేకుల్ని దగ్గరికి లాగుతుంది. మేడ కూలుతుంది. మొదట పొర మొత్తం కిందికి కుంగుతుంది, ఆ తర్వాత నిలువునా పగుళ్లు తీస్తుంది. పగుళ్ల వెంట గాలి దిగుతుంది, గాలి వెంట ఎండుదల ఇంకా లోతుకు పోతుంది.

నల్లరేగడి పగుళ్లు చూసిన మనం ఇక్కడే పొరబడతాం. రేగడి పగుళ్లు తొలకరికి మూసుకుంటాయి. ఈ బురద మాత్రం ఒకసారి కుంచించుకుపోయాక ఎంత తడిపినా పాత స్థితికి తిరిగి రాదు. డచ్చివాళ్లు దీన్ని నేల పక్వానికి రావడం అన్నారు. పాన్స్, జోన్నెవెల్డ్ 1965లో దీని మీద ఒక పుస్తకమే రాశారు. పక్వం తెలుసుకోవడానికి పిడికిలి చాలు: నొక్కితే వేళ్ల సందుల్లోంచి జారిపోతే పచ్చిది, జారకుండా నిలిస్తే పండినట్టు.

రంగు కూడా మారుతుంది. నల్లదనం ఇనుప సల్ఫైడుది. గాలి తగలగానే అది ఆక్సీకరణం చెంది గోధుమరంగు తేలుతుంది, వెంటనే ఆమ్లం పుడుతుంది. మట్టిలో సున్నం ఉంటే ఆమ్లం విరిగి జిప్సం అవుతుంది, కాల్షియం మట్టి రేకుల్ని పట్టి గుల్లగా కడుతుంది. సున్నం లేకపోతే ఆ ఆమ్లం పైరును చంపేస్తుంది. కేరళ కుట్టనాడు ‘కరి’ భూముల రైతుల్ని అడగండి, చెబుతారు.

ఎండే చూసుకుంటుందని వదిలేసినవాళ్లూ దెబ్బతిన్నారు. పైన అంగుళాల మందాన పెచ్చు కట్టి ఆవిరిని ఆపేస్తుంది, కింద ఏళ్ల తరబడి ఊబిలాగే ఉండిపోతుంది. అందుకే డచ్చివాళ్లు తూర్పు ఫ్లెవోలాండ్ అనే సరస్సు అడుగు నేల నుంచి నీరు తోడేసిన 1957 తర్వాత విమానాల మీంచి కిక్కిస గడ్డి విత్తనం చల్లారు. మన కొల్లేటి కిక్కిస కుటుంబానిదే. దాని వేళ్లు పెచ్చు కింది నీటిని పీల్చి ఆకుల్లోంచి పంపేస్తాయి. నాకు తెలిసిన పంపులన్నింటిలో ఇంత చవకైనది లేదు!

మార్లిన్ చేసిన తెలివైన పని కూడా నీటి గురించే. పైపుతో పీల్చి తోడితే బురద ఇంకా పలచనై గంజిలా వస్తుంది. ఆయన రెండు వైపుల నుంచి మూసుకునే ఇనుప తొట్టితో తవ్వించాడు, ముద్ద ముద్దలాగే పైకొచ్చింది. రాబర్ట్ డార్మొడీ అనే నేలల శాస్త్రవేత్త ఆ మట్టిని పరీక్షించి, ఆరనిస్తే అది ఆ ప్రాంతపు మంచి పై మట్టికి తీసిపోదని తేల్చాడు. అవును మరి, అది అక్కడి పొలాల మట్టే కదా.

ఇక కరీంనగర్ గుంతల సంగతి. నీళ్లు నిలిచిన క్వారీలో బురదను గుమ్మరిస్తే ఏ పక్వమూ జరగదు, నీటి అడుగు నుంచి నీటి అడుగుకు మార్చినట్టే. నీరు తోడి, పలచటి పొరలుగా పరిచి, ఒక్కో పొరా పండాకే రెండోది వేయాలి. కృష్ణ తెచ్చే రేగడిలో సున్నం సాధారణంగా ఉంటుంది కాబట్టి ఆమ్లం భయం కొంత తక్కువే. అయినా లోహాల పరీక్ష తప్పదు. శ్రీశైలం నుంచి లారీ కిరాయి ఆలోచిస్తేనే గుండె జారుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక తెలంగాణ రైతులు చెరువు మట్టిని పొలాలకు తోలుకున్నారు. క్వారీ పక్క ఊరి చెరువులోనూ అదే మట్టి ఉంది. అంత దూరం వెళ్లడం దేనికి?