మీకు తెలుసా? లక్షలు పోసిన కంప్యూటర్ కూడా 4కేలో ఎందుకు ఆయాసపడుతుంది?

బన్సీలాల్‌పేట్ కుర్రాళ్లకు గేమింగ్ కంప్యూటర్ కట్టించుకోవడానికి ఎక్కువ దూరం వెళ్లే పనిలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరి నోటా అది సీటీసీ. అక్కడ ఏరికోరి కొన్న పార్టులతో కట్టిన కంప్యూటర్ కూడా పెద్ద తెర మీద తడబడుతోందా? కొత్త కార్డు కోసం మళ్లీ సీటీసీ మెట్లెక్కే ముందు ఈ సంగతులు చూడండి.

1. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరలో 20,73,600 పిక్సెళ్లుంటాయి. 4కే తెరలో 82,94,400. అంటే సరిగ్గా నాలుగింతలు. 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేములు) రావాలంటే గ్రాఫిక్స్ కార్డు ఒక్కో ఫ్రేమును 16.7 మిల్లీసెకన్లలో గీయాలి. 120 కావాలంటే 8.3 మిల్లీసెకన్లే గడువు.

2. పిక్సెళ్లు పెరిగితే వచ్చే ఈ తంటాతో కుస్తీ పట్టినవారిలో ఒక తెలుగాయన కూడా ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివిన రాజా కోడూరి 2009 నుంచి 2013 వరకు యాపిల్‌లో గ్రాఫిక్స్ విభాగంలో పనిచేశారు. రెటీనా తెరలు వచ్చింది ఆ కాలంలోనే. 2012 నాటి రెటీనా మ్యాక్‌బుక్ ప్రో తెర 2880×1800. అంతకుముందు 1440×900 ఉన్నచోట పిక్సెళ్లు నాలుగింతలయ్యాయి. తర్వాత ఆయన ఏఎండీలో రేడియాన్ విభాగానికి సారథి అయ్యారు. 2017లో ఇంటెల్‌కు మారారు.

3. 4కేలో ఖరీదైన ప్రాసెసర్ వేసినా చాలా ఆటల్లో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. అనుమానముంటే ఆటను 1080పీకి దించి చూడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే వెనకబడుతున్నది కార్డు. కదలకపోతే ప్రాసెసర్‌ను అనుమానించాలి.

4. మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డు పోర్టుకు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 144 హెర్ట్జ్ మానిటర్ కొని, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 దగ్గరే వదిలేసేవాళ్లూ ఉన్నారు. కేబుల్‌కూ ఓ హద్దుంది. హెచ్‌డీఎంఐ 2.0 సామర్థ్యం సెకనుకు 18 గిగాబిట్లు. పూర్తి రంగులతో 4కే అయితే 60 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. 48 గిగాబిట్ల హెచ్‌డీఎంఐ 2.1 అయితే 120 హెర్ట్జ్‌ను సునాయాసంగా మోస్తుంది.

5. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే, 6000 వేగమని కొన్న డీడీఆర్5 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుండొచ్చు. రెండు స్టిక్కులుంటే, నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో చాలావాటికి రెండో, నాలుగో స్లాట్లే సరైన చోటు. వీటిని సరిచేస్తే 4కేలో సగటు ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగకపోయినా, మధ్యమధ్యలో వచ్చే కుదుపులు తగ్గుతాయి.

6. కార్డు అన్ని పిక్సెళ్లనూ తానే గీయనక్కర్లేదు! ఎన్విడియా 2018లో డీఎల్‌ఎస్‌ఎస్‌ను, ఏఎండీ 2021లో ఎఫ్‌ఎస్‌ఆర్‌ను తెచ్చాయి. 4కేలో 'క్వాలిటీ' మోడ్ పెడితే ఆట లోపల 2560×1440లోనే తయారవుతుంది. అంటే 36,86,400 పిక్సెళ్లు, సగం కన్నా తక్కువ. మిగతాది ఈ సాఫ్ట్‌వేరే లెక్కగట్టి నింపేస్తుంది.

7. ఫ్రేమ్ జనరేషన్ మాత్రం వేరే సంగతి. అసలు ఫ్రేముల మధ్య కొత్తవి పుట్టించి ఎఫ్‌పీఎస్ అంకెను పెంచుతుంది కానీ, మౌస్ కదలికకు ఆట స్పందించే వేగాన్ని పెంచదు. అసలు ఫ్రేములే 30 దగ్గర ఈడుస్తుంటే దాన్ని నమ్ముకోవద్దు.

8. 'అల్ట్రా' నుంచి 'హై'కి దిగితే చాలా ఆటల్లో తేడా కంటికి ఆనదు. ముందు రే ట్రేసింగ్, నీడలు, పొగమంచు వంటివి తగ్గించండి. టెక్స్చర్లు కార్డు మెమొరీలో పట్టినంతవరకు పర్వాలేదు. నిండిందా, డేటా కోసం మామూలు ర్యామ్ దాకా వెళ్లాల్సి వచ్చి ఆట ఆగి ఆగి నడుస్తుంది.

9. ఆర్‌టీఎక్స్ 4090 కార్డు 450 వాట్ల దాకా లాగుతుంది. 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్లు ఆరు తిరిగినంత కరెంటన్నమాట. అదంతా చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, దుమ్ము పట్టిన క్యాబినెట్‌ను టేబుల్ అరలో ఇరికిస్తే కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫిల్టర్లు దులపండి. చేతనైతే కార్డుకు వెళ్లే వోల్టేజీని కాస్త తగ్గించి, అంటే అండర్‌వోల్ట్ చేయండి. వేగం దాదాపు అలాగే ఉండి, వేడి తగ్గుతుంది.

10. అంకె ఎంత పెద్దదన్నదానికన్నా ఎంత నిలకడగా ఉందన్నదే ముఖ్యం. 2013లో వచ్చిన జీ-సింక్, 2015లో వచ్చిన ఫ్రీసింక్ మానిటర్ వేగాన్ని కార్డు వేగానికి తగ్గట్టు మారుస్తాయి. 50కీ 110కీ మధ్య ఊగే ఆటకన్నా, 70 దగ్గర పరిమితి పెట్టుకుని నడిచే ఆటే కంటికి హాయి.

ఇందులో చాలా పనులకు రూపాయి ఖర్చు లేదు. ముందు కేబుల్, తర్వాత సెట్టింగులు, ఆ తర్వాత వేడి, ఈ వరుసలో చూడండి. అన్నీ చూశాక కూడా ఎఫ్‌పీఎస్ చాలకపోతేనే కొత్త కార్డు ధర అడగండి.