పొగగొట్టం గోల

మన పార్కింగులో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. సౌండ్ పెరిగితే పవర్ పెరిగినట్టే అని. కారుకో బైకుకో కంపెనీ సైలెన్సర్ తీయించి, సూటిగా పోయే గొట్టం వేయించి, గేటు దగ్గర ఒక్కసారి రేజ్ చేస్తే ఐదో ఫ్లోర్ దాకా వినిపించాలి. మొదటి వారం బానే ఉంటుంది. రెండో వారం ఇంట్లోవాళ్లు గొణుగుతారు. మూడో వారానికి నడిపేవాడే "దీన్ని కొంచెం తగ్గించొచ్చా?" అని అడగడం మొదలెడతాడు. ఈ వ్యాసం ఆ మూడో వారం వాళ్ల కోసం. కారు గురించే చెప్తాను గానీ, బైకుకి కూడా సూత్రాలు చాలావరకు ఇవే.

తెలుగు క్లబ్ పత్రిక కాబట్టి ఇక్కడో చిన్న మాట. ఎగ్జాస్ట్ పైపుకి తెలుగులో ఏమంటారని మా అమ్మమ్మని అడిగితే "పొగగొట్టం, ఇంకేమంటారు?" అంది. అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు.

అసలు మోత ఎక్కడ పుడుతుందో ముందు చూద్దాం. సిలిండర్‌లో పెట్రోల్ మండాక ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుంటుంది. లోపల ఇంకా చాలా ఒత్తిడిలో ఉన్న వేడి వాయువు ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. ఒక్కో దూకుడూ ఒక్కో ప్రెషర్ అల. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగితే ఇలాంటివి రెండు వస్తాయి. 3000 ఆర్.పి.ఎం. అంటే సెకనుకి 50 చుట్లు, 100 దూకుళ్లు. అంటే 100 హెర్ట్జ్. బుల్లెట్ లాంటి సింగిల్ సిలిండర్ బండికి రెండు చుట్లకి ఒకటే. అందుకే ఐడిల్‌లో దాని దెబ్బలు లెక్కపెట్టేంత విడివిడిగా వినిపిస్తాయి.

ఈ అలల్ని చంపడానికి సైలెన్సర్‌లో రెండు పద్ధతులు ఉంటాయి. ఒకటి, సన్న గొట్టంలోంచి పెద్ద డబ్బాలోకి, మళ్లీ సన్న గొట్టంలోకి వాయువుని పంపడం. వెడల్పు మారిన చోటల్లా అలలో కొంత భాగం వెనక్కి తిరిగి, ఎదురొచ్చే అలని కొట్టేస్తుంది. రెండోది, చిల్లులున్న గొట్టం చుట్టూ గ్లాస్ వూల్ కూరడం. శబ్దం ఆ పీచులో ఇరుక్కుని వేడిగా మారిపోతుంది. ఇది సన్నటి, కీచుమనే శబ్దాలకి బాగా పనిచేస్తుంది. లోతుగా "బూఁ" అనే శబ్దానికి అంతగా పనిచేయదు. మార్కెట్లో దొరికే "స్పోర్ట్స్" డబ్బాల్లో చాలావాటికి ఈ రెండో పద్ధతే ఉంటుంది. అందుకే అవి వేయించుకున్నవాళ్లు అందరూ ఒకే కంప్లయింట్ చేస్తారు: హైవే మీద ఒక స్పీడు దగ్గరికి రాగానే కారు లోపల చెవులు దిబ్బెళ్లు పడ్డట్టు ఒకటే హోరు. దీన్ని డ్రోన్ అంటారు.

మా పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నయ్య, ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాడు. గొట్టం పని పాత ఓనర్ చేయించిందే. రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి రావాలి. పెద్దమ్మ వాళ్ల పక్కింట్లో నెలల పిల్ల. పొద్దున్న ఆరున్నరకి కారు స్టార్ట్ చేస్తే ఆ పిల్ల లేచి ఏడుపు. పక్కింటావిడ రెండుసార్లు మర్యాదగా చెప్పి, మూడోసారి మాట్లాడటం మానేసింది. పన్నెండేళ్ల స్నేహం వాళ్లది. పైగా సాయంత్రం వచ్చేసరికి అన్నయ్యకి తలనొప్పి.

మన బ్రాంచ్ వాళ్లకి చేతకాని మెకానిక్ పనిలో చేతనైన ముక్క ఒకటుంది: కొలవడం. ఫోన్‌లో స్పెక్ట్రం చూపించే యాప్ పెట్టుకుని నేను పక్క సీట్లో కూర్చున్నాను. (సిగ్నల్స్ క్లాసులో మనం తిట్టుకునే ఎఫ్.ఎఫ్.టి. ఇదే.) హోరు పెరిగేది 2750 ఆర్.పి.ఎం. దగ్గర, స్క్రీన్ మీద ముల్లు లేచింది 92 హెర్ట్జ్ దగ్గర. పైన చెప్పిన లెక్క వేసి చూడండి, సరిగ్గా సరిపోతుంది. అంటే ఏదో వదులైన రేకు మోత కాదు, ఇంజన్ దూకుళ్లకి గొట్టం, కారు లోపలి గాలి కలిసి తాళం వేస్తున్నాయి.

ఇలాంటి ఒకే ఫ్రీక్వెన్సీ హోరుకి ఒక అందమైన మందు ఉంది. మెయిన్ గొట్టానికి పక్కగా, చివర మూసేసిన ఇంకో గొట్టం వెల్డింగ్ చేస్తారు. దాని పొడవు అలలో నాలుగో వంతు ఉంటే, అల లోపలికెళ్లి తిరిగొచ్చేసరికి తలకిందులై అసలు అలని రద్దు చేస్తుంది. 300 డిగ్రీల వేడి వాయువులో శబ్దం సెకనుకి సుమారు 480 మీటర్లు వెళ్తుంది. దాన్ని 92తో, మళ్లీ 4తో భాగిస్తే 1.3 మీటర్లు. ఆటోనగర్‌లో మెకానిక్ బాబాయికి ఈ లెక్క చూపించాను. ఆయన కారు కిందకి దూరి చూసి "చిన్న కారుకి మీటరుంపావు గొట్టం ఎక్కడ పెట్టను నాన్నా, నీ నెత్తిమీదా?" అన్నాడు.

ఆయన పద్ధతి వేరే, నాకు అదే నచ్చింది. కొత్తది వేయడానికి ముందు ఉన్నది చూడాలి అన్నాడు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, తడిగుడ్డతో వెనక గొట్టం మూతి కొద్ది క్షణాలు అదిమి పట్టాడు. ముందు జాయింట్ దగ్గర "స్స్" మని వినిపించింది. అక్కడ మసి నల్లగా చార కట్టి ఉంది. గ్యాస్కెట్ పోయింది. మోతలో కొంత భాగం అసలు సైలెన్సర్ దాకా వెళ్లకుండా అక్కడే బయటికొస్తోంది. మోత కన్నా ముఖ్యమైన సంగతి, ఆ వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాసన రాదు, లీకైతే కారు లోపలికి చేరొచ్చు. అన్నయ్య తలనొప్పి హోరు వల్లో దీనివల్లో తేల్చి చెప్పలేను గానీ, మోత పెరిగిన కారులో తల తిరుగుతున్నా, నొప్పిగా ఉన్నా "సౌండ్ వల్లలే" అని వదిలేయకండి. అద్దాలు దించి, వెంటనే చూపించండి.

గ్యాస్కెట్ మార్చాక, పాత ఓనర్ పీకేసిన నడిమి డబ్బా, వెనక సైలెన్సర్ రెండూ కంపెనీ మోడల్‌వే తెచ్చి బిగించారు. గొట్టం వేలాడే రబ్బర్లు కూడా రెండు మార్చారు. అవి చిట్లితే గొట్టం బాడీకి తగిలి, ఆ వణుకంతా సీట్లలోకి వస్తుంది. అదే ఫోన్, అదే సీటు, అదే స్పీడు పెట్టి మళ్లీ కొలిస్తే 11 డెసిబెల్స్ తగ్గింది. ఫోన్ మైకు చెప్పే అసలు అంకెని నమ్మకూడదు, తేడాని నమ్మొచ్చు. 10 డెసిబెల్స్ అంటే శక్తి పదో వంతు, చెవికి దాదాపు సగం.

చవక చిట్కాల సంగతి రెండు ముక్కల్లో. గిన్నెలు తోమే స్టీల్ పీచు కూరితే కొన్నాళ్లకి ఎగిరి రోడ్డు మీద పడుతుంది. మూతిలో బిగించే డీబీ కిల్లర్ శబ్దం తగ్గిస్తుంది గానీ దారినీ ఇరుకు చేస్తుంది. గొట్టానికి చుట్టే వేడి టేపు తేమ పట్టి తుప్పు తెస్తుంది. డోర్లలో స్పాంజి అతికించడం డబ్బు దండగ. 100 హెర్ట్జ్ అల పొడవు గాలిలో మూడు మీటర్ల పైమాటే, అంగుళం స్పాంజి దానికి ఏ మూలకి?

ఇక చట్టం. సైలెన్సర్ ఉండి తీరాలని సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 120వ నియమం చెప్తుంది. శబ్దం, కాలుష్యం ప్రమాణాలు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు, లైసెన్స్ మూడు నెలలు పోతుంది. ఆస్పత్రి, కాలేజీ, కోర్టు చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్ కావచ్చని, అక్కడ రాత్రి పరిమితి 40 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. 40 అంటే లైబ్రరీలో గుసగుస లాంటిది. మన గేటు దగ్గర రేజ్ చేసే హీరోలు ఈ లైను రెండుసార్లు చదవాలి.

గొట్టం మార్పించాలని ఇంకా సరదాగా ఉంటే కనీసం పాత డబ్బాలు షెడ్డులో వదిలేయకండి. ముఖ్యంగా క్యాటలిటిక్ కన్వర్టర్. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి. "దీనితో పనేముంది తమ్ముడూ" అని ఎవరైనా ఉచితంగా పీకి పక్కన పెడితే, పని ఎవరికుందో అర్థం చేసుకోండి. అది లేకపోతే పొల్యూషన్ టెస్టులోనూ ఇబ్బందే, మోతా పెరుగుతుంది.

పని అయ్యాక ఒక వారం తిప్పి, మళ్లీ తీసుకెళ్లి జాయింట్ల బోల్టులు ఇంకోసారి బిగించమనండి. వేడెక్కి, చల్లారి, కొత్త గ్యాస్కెట్ సర్దుకునేసరికి అవి మొదటి రోజుల్లోనే వదులవుతాయి. అన్నయ్యవి మూడింట్లో ఒకటి వదులైంది.