చందుర్తి యుద్ధానికి ముందు

అన్నవరం కొండ దిగి పిఠాపురం వైపు వెళ్తే గొల్లప్రోలు వస్తుంది. దానికి దగ్గర్లోనే చందుర్తి. 1758 డిసెంబరులో ఈ పొలాల్లో ఫ్రెంచివారూ ఇంగ్లీషువారూ తలపడ్డారు. ఇంగ్లీషు సేనను ఇక్కడికి రప్పించినవాడు మాత్రం తెలుగు రాజే. విజయనగర ప్రభువు పూసపాటి ఆనంద గజపతిరాజు.

యుద్ధానికి దిగేముందు బయటి బలం కూడగట్టుకోవడం అన్ని కాలాల్లోనూ ఉన్నదే. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధానికి ముందు భారత్ సోవియట్ యూనియన్‌తో ఆగస్టు 9న ఒప్పందం కుదుర్చుకుంది. ఆ తర్వాత ఇందిరాగాంధీ లండన్, వాషింగ్టన్, పారిస్ వెళ్లి తూర్పు బెంగాల్ శరణార్థుల గోడు వినిపించారు. ఆనంద గజపతి తన కాలానికి తగ్గట్టు చేసిందీ అలాంటి ప్రయత్నమే.

ఆయనకు ముందు ఏలిన పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని 1757 జనవరిలో బొబ్బిలి మీదికి వెళ్లాడు. కోట పడిపోయింది. ఆ వెంటనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో తానూ హతమయ్యాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతికి ఫ్రెంచివారితో పొసగలేదు. 1758లో ఫ్రెంచి సర్వసేనాని లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకోగానే అదను చూసి విశాఖపట్నం పట్టుకున్నాడు. సాయం రమ్మని ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు.

మద్రాసుకు లాలీ భయం, అక్కడినుంచి సైన్యం కదిలే వీల్లేదు. కలకత్తాలో ఇంగ్లీషు గవర్నర్ క్లైవ్ మాత్రం సహచరులు వద్దంటున్నా ఒప్పుకున్నాడు. సుమారు 500 మంది తెల్ల సైనికులతో, 2,000 మంది సిపాయిలతో కల్నల్ ఫోర్డ్‌ను ఓడలెక్కించాడు. ఫ్రెంచి బలాన్ని మద్రాసు వైపు పోనీయకుండా ఇక్కడే కట్టిపడేయాలన్నది క్లైవ్ లెక్క.

కశింకోట దగ్గర షరతులు రాసుకున్నారు. దొరికిన సొత్తు చెరిసగం. సైన్యం ఖర్చు రాజుది. గెలిచిన నేలలో లోపలి భాగం రాజుకు, తీరంలోని రేవులూ నదులు సముద్రంలో కలిసేచోటి ఊళ్లూ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి. సరుకూ సైన్యమూ ఓడల మీద వచ్చే రోజుల్లో సముద్రపు వాకిళ్లన్నీ ఆ ఒక్క షరతుతో పరాయివాళ్లకు దఖలు పడ్డాయి.

చందుర్తిలో ఫోర్డ్ తన తెల్ల సైనికులను ఎత్తుగా పెరిగిన చేను మాటున నడిపించాడు. ఫ్రెంచివారు ఎర్రకోట్ల సిపాయిలనే ఇంగ్లీషువారనుకుని వాళ్ల మీద పడ్డారు. చేను చాటునుంచి తుపాకులు పేలేసరికి చెల్లాచెదురయ్యారు. కొద్ది రోజుల్లోనే రాజమహేంద్రవరం లొంగింది. అక్కడ రాజు ఇస్తానన్న డబ్బు ఆలస్యమై, సైన్యం వారాల తరబడి ఆగిపోయింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. ఫ్రెంచివారికి తోడుగా వచ్చిన నిజాం సలాబత్ జంగ్, ఓటమి చూసి మే నెలలో మచిలీపట్నాన్ని ఇంగ్లీషువారికే రాసిచ్చాడు.

1766లో సలాబత్ జంగ్ తర్వాతి నిజాం, నిజాం అలీతో కుదిరిన ఒప్పందంతో ఉత్తర సర్కారుల మీద కంపెనీ హక్కు స్థిరపడింది. విజయనగరం పేష్కష్ (కప్పం) కట్టే సంస్థానంగా మిగిలింది. ఆనంద గజపతి వారసుడు చిన విజయరామరాజు మీదికి బకాయిల పేరుతో దండెత్తింది ఆ కంపెనీయే. 1794 జూలై 10న పద్మనాభంలో ఆయన దాని సైన్యంతో పోరాడుతూ నేలకొరిగాడు.